మూడో నంబరు కాటా

శుక్రవారం సాయంత్రం, మిర్చియార్డు గేట్లు మూసి హమాలీలు టీకొట్ల వైపు నడుస్తున్న వేళ, ఎర్రని రెండు తలుపుల కారొకటి ఆటోనగర్ చివరి వీధిలోకి చాలా నెమ్మదిగా వచ్చింది. షెడ్డు ముందున్న మురుగుకాల్వ పలకను అది సూటిగా దాటలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్లు దిగినట్టు ఒక్కొక్క చక్రమే దించుకుంటూ వచ్చింది. నాలుగోది దిగినప్పుడు లోపలెక్కడో ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడైంది.

లారీ కింద పడుకొని కమాన్ స్ప్రింగుల కట్ట బిగిస్తున్న మొహిద్దీన్ బాషా ఆ చప్పుడు విని స్పానరు తిప్పడం ఆపాడు.

“సుభానీ, ఎడమ వెనక,” అన్నాడు.

సుభానీ అతని తోటి మెకానిక్కు. వయసులో రెండేళ్లు పెద్ద. “బండి ఇంకా ఆగనే లేదు. అప్పుడే జాతకం చెబుతున్నావే!” అన్నాడు.

కారులోంచి దిగినామెకు నలభై ఏళ్లుంటాయి. పేరు శ్రీదివ్య. మత్తు డాక్టరు. ఆమెకంటూ ఆసుపత్రి లేదు. పొద్దున్నే గుంటూరులో బయలుదేరి పొన్నూరు, బాపట్ల, చీరాలల్లో ఏ నర్సింగ్‌హోములో ఆపరేషన్ ఉంటే అక్కడికి వెళ్లి, రోగిని నిద్రపుచ్చి, మేల్కొలిపి, తరువాతి ఊరికి బయలుదేరడం ఆమె పని. రోజుకు నూట ముప్ఫై, నూట నలభై కిలోమీటర్లు ఆ జపాన్ కారులోనే తిరుగుతుంది. పందేలకు పనికొచ్చే కారును పాలవ్యానులా వాడుకుంటోందని ఆమెను ఎరిగినవాళ్లు నవ్వేవారు.

ఆమె సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి రోగి లక్షణాలు చదివినట్టు చదివింది. “బ్రేకు గట్టిగా వేస్తే ఎడమకు లాగుతుంది. కుడి మలుపులో ఒకలాగా, ఎడమ మలుపులో ఇంకొకలాగా ఉంటుంది. గతుకులో ఎడమ వెనకవైపు చప్పుడు. పాత షాకబ్జార్బర్లు పోయాయి. ఆ రకం ఇప్పుడు దొరకడం లేదు. పోయిన నెలే వేరే ఊళ్లో ఈ కాయిలోవర్లు బిగించారు. అప్పటినుంచీ ఇంతే.”

“వాళ్లేమన్నారండీ?”

“రోడ్లు బాగాలేవన్నారు. రోడ్డు కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ ఒకటే కదా అన్నాను. అయితే దిష్టి అన్నారు. వాళ్లే నిమ్మకాయా మిరపకాయలూ కట్టి పంపారు.”

బాషా వంగి చూశాడు. ముందు బంపరు కింద ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి వేలాడుతోంది. దాన్ని విప్పి పక్కన పెట్టాడు. “ఇది రోడ్డుకు రాసుకుంటదమ్మా,” అన్నాడు. దిష్టి సంగతి మాత్రం మాట్లాడలేదు.

“మీరు ఇలాంటివి ఎప్పుడైనా బిగించారా?”

“లేదండీ. లారీల కట్టలే నా పని. కానీ స్ప్రింగు స్ప్రింగే గదా. చూస్తాను. తెలిస్తే చేస్తాను, తెలియకపోతే తెలియదని చెబుతాను.”

శ్రీదివ్య నోటుపుస్తకం మూసింది. గత నెల రోజుల్లో ఆ మాట తనతో అన్న మెకానిక్కు ఇతనొక్కడే.

అరగంటలో ముందు ఎడమ చక్రం ఊడి గోడకు ఆనింది. బాషా ఆ కాయిలోవరును విప్పి, బల్ల మీద గోనెపట్టా పరిచి దానిపై పడుకోబెట్టాడు. స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకే గొట్టం మీద ఇమిడి ఉన్నాయి. గొట్టం పొడవునా సన్నని మరలు. ఆ మరల మీద స్ప్రింగును మోస్తూ ఒక రింగు. రింగును పైకి తిప్పితే కారు ఆ మూల లేస్తుంది, బరువు అటు చేరుతుంది. కిందికి తిప్పితే దిగుతుంది. కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో మరల్లోని మట్టిని వరుస వరుసగా తోమి, మేకు మొనతో రింగు పైన ఎన్ని మరలు ఉన్నాయో లెక్కపెట్టాడు. కుడివైపుది కూడా విప్పి అలాగే లెక్కపెట్టాడు. రెండు స్ప్రింగుల పొడవూ కొలిచాడు. సమానం. స్ప్రింగు మీద చిన్నగా చెక్కిన అంకెను బొటనవేలితో తుడిచి చూశాడు: మిల్లీమీటరుకు ఆరు కిలోలు.

“స్ప్రింగులు మంచివే. రింగులు మాత్రం చెరొక ఎత్తులో ఉన్నయ్,” అన్నాడు. “వాళ్లు బండి ఎత్తు కొలిచారు, బండి నిలబడిన నేల కొలవలేదు. నీళ్లు పోవడానికి వాటంగా కట్టిన నేల అయ్యుంటది. ఏ చక్రం మీద ఎంత బరువుందో తెలిస్తేగాని ఇది కుదరదు.”

“ఎట్లా తెలుస్తుంది?”

బాషా యార్డు వైపు చూశాడు. “నాలుగు కాటాలు కావాలి.”

కాటాలు యలమందయ్యవి. యార్డులో పెద్ద కమీషన్ వ్యాపారి. ఈ షెడ్డు కూడా ఆయనదే. పదకొండేళ్ల కిందట ఆయన తాళంచెవి ఇచ్చినప్పుడు ఇక్కడ నాలుగు గోడలూ రేకులూ తప్ప ఏమీ లేవు. లోపల, లారీ కింద నిలబడి పనిచేసే గొయ్యిని బాషా తన చేతులతో తవ్వి ఇటుక కట్టుకున్నాడు. ఆటోనగర్‌లో గొయ్యి ఉన్న షెడ్డు దొరకడం కష్టం. అది లేకపోతే లారీల పని లేదు.

బాషా అడిగింది విని యలమందయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. “మిరపకాయలు తూచే కాటా మీద కారెక్కిస్తావురా? ఎక్కించు, ఎక్కించు. ఎంత పలుకుద్దో నాకూ చెప్పు. శని, ఆదివారాలు యార్డు మూతే గదా. సోమవారం పొద్దున ఆరింటికల్లా మాత్రం కొట్టు కాడ ఉండాలి.”

*

శనివారం పొద్దున బాషా చేసిన మొదటి పని కారును ముట్టుకోకపోవడం. తాపీమేస్త్రీ వాడే పారదర్శకమైన గొట్టం తెచ్చి, నీళ్లు నింపి, ఒక కొసను సుభానీకి ఇచ్చి, షెడ్డు నేల మీద నాలుగు చోట్ల నీటిమట్టం చూశాడు. వాకిలి వైపు వేలెడు వాలు ఉంది. ఆ రెండు చోట్ల సిమెంటు పలకలు వేసి, వాటి కింద రేకుముక్కలు ఒకటొకటిగా తోసి, నాలుగు కొసలూ ఒకే మట్టానికి వచ్చేదాకా రెండు గంటలు తీసుకున్నాడు.

“నువ్వు కారు బాగుచేస్తున్నావా, కల్యాణమండపం కడుతున్నావా?” అన్నాడు సుభానీ.

“నేల అబద్ధం చెబితే పైన ఏం కొలిచినా అబద్ధమే. పట్టుకో సరిగా.”

కాటాలు నాలుగూ ఎలక్ట్రానిక్‌వి. మూడు వందల కిలోల దాకా తూగుతాయి. వాటి మీద ఎర్ర రంగుతో ఒకటి నుంచి నాలుగు వరకు నంబర్లు వేసి ఉన్నాయి. ప్రతి సోమవారం పూసే పసుపూ కుంకుమా పొరలు పొరలుగా ఎండి అంచుల్లో గట్టిపడ్డాయి. యార్డులో ఏ తగవు వచ్చినా రైతూ వ్యాపారీ చివరకు చెయ్యి పెట్టి ప్రమాణం చేసేది ఆ పసుపు మీదనే. బాషా కూడా పలకల మీద వాటిని అమర్చేటప్పుడు చెప్పులు విడిచాడు. అడ్డదిడ్డంగా ఉన్న నేలను అనుమానించిన మనిషికి వాటిని అనుమానించాలని తోచలేదు.

మధ్యాహ్నం రెండింటికి శ్రీదివ్య బాపట్ల నుంచి ఆటోలోనూ రైల్లోనూ మారి వచ్చింది. నడిపే మనిషి బరువుతో సహా చూడాలన్నాడు బాషా. ఆమె తన మందుల సంచులు పక్క సీట్లో పెట్టుకొని స్టీరింగు ముందు కూర్చుంది.

“ఎంతసేపు?”

“మీరు రోగులను పడుకోబెడతారు. మిమ్మల్ని నేను కూర్చోబెట్టాను. రెండు గంటలు ఓర్చుకోండమ్మా.”

ఆమె నవ్వి ఒక వైద్యపత్రిక తెరిచింది.

ముందు ఎడమ చక్రం మూడో నంబరు కాటా మీద, కుడి చక్రం ఒకటో నంబరు మీద నిలిచాయి. వెనక రెండూ రెండో, నాలుగో నంబర్ల మీద. బాషా ఒక్కో మూలనూ రెండు చేతులతో అదిమి వదిలి, కారు ఊగడం మానేదాకా ఆగి, అంకెలు చూశాడు. ముందు ఎడమ రెండు వందల యాభై ఏడున్నర. ముందు కుడి రెండు వందల అరవై ఆరు. బ్రేకు సూటిగా పట్టాలంటే ఆ రెండూ సమానం కావాలి.

“ఎడమ తక్కువ. అటు కొంచెం ఎక్కించాలి,” అన్నాడు సుభానీ.

జాకీ ఎత్తి, కొక్కెపు స్పానరును రింగు గాడిలో పెట్టి బాషా లాగాడు. రింగు బిర్రుగా ఉంది. కుడివైపు దానికంటే ఎక్కువ బిర్రుగా. అతను ఒక క్షణం ఆగి స్పానరు తీశాడు, కుడివైపుకు వెళ్లి ఆ రింగును కదిపి చూశాడు, తిరిగి వచ్చాడు. ఇంత బిగువు మీదున్న స్ప్రింగు తక్కువ బరువు మోస్తోందంటే అతని చెయ్యి ఒప్పుకోలేదు. కానీ ఎదురుగా ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. ముప్ఫై ఏళ్ల చెయ్యి ఒకవైపు, పసుపు పూసిన కాటా ఒకవైపు. అతను కాటానే నమ్మాడు. రింగును మరో పావు చుట్టు పైకి తిప్పాడు.

దించడం, కారును ముందుకూ వెనక్కూ నెట్టి సర్దడం, మళ్లీ కాటాల మీదికి తేవడం, అదమడం, చూడడం. ఇలా అయిదుసార్లు చేశాడు. ప్రతిసారీ రింగు ఎంత తిరిగిందో సుద్దముక్కతో గోడ మీద గీశాడు. సాయంత్రం నాలుగు గంటలు దాటాక ముందు రెండు అంకెలూ రెండు వందల అరవై రెండు దగ్గర కలిశాయి.

“అబ్బో! పొట్లం కట్టినట్టు కుదిరింది,” అన్నాడు సుభానీ.

బాషా తన కుడి అరచేతిని ప్యాంటుకు తుడుచుకుంటూ ఎడమ చక్రం వైపే చూస్తున్నాడు.

*

ఆదివారం పొద్దున ఏడింటికి శ్రీదివ్య కారును పెదకాకాని వైపు హైవే ఎక్కించింది. పక్కన బాషా. గుడికి వెళ్లే ఆటోలు దాటిపోయాక, ఖాళీ రోడ్డు చూసి, ఆమె స్టీరింగు మీద వేళ్లు ఆనీ ఆననట్టు పెట్టి బ్రేకు తొక్కింది. కారు ఎడమకు, మట్టి అంచు వైపు లాగింది. మునుపటికంటే ఎక్కువగా.

పత్తి మోడులున్న చేలోంచి గేదెలు రెండు రోడ్డు మీదికి వచ్చి వాళ్లను చూసి నిలబడ్డాయి.

“నేనే చెడగొట్టానమ్మా,” అన్నాడు బాషా. “నిన్న నా చెయ్యి వద్దంది. నేను వినలేదు.”

ఇంకెవరైనా అయితే రోడ్డునో కారునో అనేవారని శ్రీదివ్య అనుకుంది. “చెయ్యి ఏమంది?” అని మాత్రం అడిగింది.

“ఎడమ స్ప్రింగు ఎక్కువ మోస్తుందంది.”

“ఆ మాట నిజమో కాదో తేల్చే దారి ఏదైనా ఉందా? చెయ్యీ కాటా కాకుండా, మూడోది?”

బాషా తల తిప్పి ఆమెను చూశాడు. షెడ్డు చేరగానే, ఆమెను సీట్లోంచి దిగనివ్వకుండానే కారును కాటాల మీదికి ఎక్కించి, ముందు చక్రాలు నిండుగా బరువు మోస్తుండగా నేల మీద వెల్లకిలా పడుకొని, స్టీలు స్కేలుతో రెండు స్ప్రింగుల పొడవూ కొలిచాడు. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు. లేచి గోడ మీద రాశాడు.

“విప్పినప్పుడు రెండూ సమానం. ఇప్పుడు ఎడమది దాదాపు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ అణిగింది. మిల్లీమీటరుకు ఆరు కిలోలు. అంటే పదహారో, పదిహేడో కిలోలు ఎడమవైపు ఎక్కువుంది. కాటాలేమో సమానం అంటున్నయ్.”

“స్ప్రింగులు రెండూ ఒకే గట్టితనం కాకపోతే?” అంది శ్రీదివ్య. ఆ ప్రశ్నలో పరిహాసం లేదు.

“అదీ నిజమే. కాటాలు మార్చి చూద్దాం. తప్పు స్ప్రింగుదైతే చక్రంతో ఉండిద్ది. కాటాదైతే కాటాతో పోద్ది.”

శ్రీదివ్య కిటికీలోంచి ఒంగి చూసింది. వైద్యకళాశాలలో ఎన్నో ప్రయోగాలు చూసినామె. ఇంత శుభ్రమైన ప్రయోగం చూసి చాలా కాలమైంది. బాషా, సుభానీ కలిసి కారును వెనక్కి నెట్టి, ఒకటో నంబరును ఎడమకూ మూడో నంబరును కుడికీ మార్చి, నీళ్లగొట్టంతో మట్టం సరిచూసి, మళ్లీ ఎక్కించారు. ముందు ఎడమ: రెండు వందల డెబ్బై ఎనిమిది. ముందు కుడి: రెండు వందల నలభై ఆరు.

లోటు మూడో నంబరు కాటాతోపాటు కుడివైపుకు నడిచి వచ్చింది. రెండో నంబరుతో, నాలుగో నంబరుతో మార్చి చూశారు. ఒకటి, రెండు, నాలుగు నంబర్లు మూడూ ఒకే మాట చెప్పాయి. మూడో నంబరు ఒక్కటే ఎక్కడ పెట్టినా నూటికి ఆరు తక్కువ చూపింది.

ఆ తరువాతి పని గంటన్నరలో అయిపోయింది. నమ్మకమైన కాటాల్లో రెండింటిని ముందు చక్రాల కింద పెట్టి, బాషా ఎడమ రింగును దించుతూ వచ్చాడు. ఈసారి అతని మణికట్టు ఎక్కడా తడబడలేదు; కొక్కెం గాడిలో పడ్డప్పుడల్లా ఎంత తిప్పాలో ముందే తెలిసినట్టు ఆగింది. రెండు వైపులా రెండు వందల డెబ్బై. రింగు కదలకుండా దాని కిందున్న రెండో రింగుతో బిగించి, పైన షాకబ్జార్బరు మెత్తదనాన్ని మార్చే మరను లోపలి టిక్కు టిక్కు చప్పుడు లెక్కపెడుతూ రెండు వైపులా సమానం చేశాడు. ఎడమ వెనక వదులుగా ఉన్న బోల్టును కూడా బిగించాడు. మొదటి రోజు విన్న చప్పుడు దానిదే.

హైవే మీద ఈసారి శ్రీదివ్య బ్రేకు తొక్కి రెండు చేతులూ స్టీరింగు మీంచి ఎత్తేసింది. తెల్లగీత కారు కింద సూటిగా సాగి, సూటిగానే ఆగింది. ఆమె ఇంజను ఆపింది.

“బాషా గారూ, మేం రోగి బరువు చూసే మత్తు ఇస్తాం. కాటా తప్పు చెబితే మనిషి లేవకపోవచ్చు. అందుకే నెలకోసారి మా కాటాకే పరీక్ష పెడతాను.” కొంచెం ఆగి అడిగింది. “ఆ మూడో నంబరు కాటా మీద రేపు ఏం తూస్తారు?”

కారుతో బాషా పని అయిపోయింది. ఆ ప్రశ్న అతనికి ఇంతవరకూ రాలేదు. నలభై రెండు కిలోల మిర్చి బస్తా, యార్డు మాటలో టిక్కీ, ఆ కాటా మీద ముప్ఫై తొమ్మిదిన్నర తూగుతుంది. టిక్కీకి రెండున్నర కిలోలు. రోజుకు ఎన్ని టిక్కీలు!

“కావాలంటే నేను మాట్లాడతాను ఆయనతో,” అంది శ్రీదివ్య.

“వద్దమ్మా. కనిపెట్టింది నేను. ముందు నేను చెప్పాలి.”

*

సాయంత్రం యలమందయ్య తనే షెడ్డుకు వచ్చాడు. కారు వెళ్లిపోయి, కాటాలు నాలుగూ గోడకు ఆనించి ఉన్నాయి. బాషా స్టూలు తుడిచి వేశాడు.

“కుదిరిందంటగా! డాక్టరమ్మ మా ఇంటి ముందు నుంచే రివ్వున పోయింది.”

“కుదిరిందండీ. ఒక మాట చెప్పాలి. మూడో నంబరు కాటా తక్కువ చూపిస్తంది. నూటికి ఆరు.”

యలమందయ్య ముఖం మారలేదు. జేబులోంచి వక్కపొడి తీసి అరచేతిలో పోసుకున్నాడు. “కారు బాగైంది గదా?”

“అయింది.”

“మరింకేంది?” వక్కపొడి నోట్లో వేసుకొని తల పైకెత్తి రేకుల వైపు చూశాడు. “ఈ ఎండాకాలం రేకులు మార్పించాలిరా. వేడికి మాడిపోతన్నారు మీరు. పదకొండేళ్లయింది గదా నువ్వొచ్చి? ఎప్పుడన్నా ఖాళీ చెయ్యమన్నానా?”

“లేదండీ.”

“అనను కూడా. నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేసుకుంటా. ఇద్దరం బాగుంటాం.” లేచి, బాషా భుజం తట్టి, స్కూటరు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. “ఆ కాటా నాకు బాగా అచ్చొచ్చిందిరా. జాగ్రత్తగా దించు.”

ఆయన మాటలో కోపం ఇసుమంత కూడా లేదు. అందుకే బాషా చాలాసేపు గొయ్యి అంచున కూర్చుండిపోయాడు. తను పేర్చిన ఇటుకల వరస మీద చెయ్యి వేసి, సిమెంటు రాలిన చోట్లు తడుముతూ ఉన్నాడు.

సోమవారం అయిదున్నరకు ట్రాలీ ఆటో వచ్చింది. నాలుగు కాటాలూ ఎక్కించాక బాషా లోపలికి వెళ్లి స్పానర్ల పెట్టె తెచ్చి వాటి పక్కన పెట్టాడు. తరువాత జాకీలు. తరువాత బెంచీ మీంచి విప్పిన వైసు.

“ఇయ్యెందుకు? కాటాలేగా ఇచ్చేది?” అన్నాడు సుభానీ.

“చోటుందిగా.”

సుభానీ అతని ముఖం వైపు చూశాడు. లోపలికి వెళ్లి వెల్డింగ్ మిషనుకు రెండో వైపు పట్టుకున్నాడు.

యార్డులో మిరపఘాటు అప్పుడే లేస్తోంది. యలమందయ్య కొట్టు ముందు కోటిరత్నం కూర్చొని ఉంది. పర్చూరు వైపు రైతు. ఆమె ఇరవై టిక్కీల్లో ఎనిమిదింటికి శుక్రవారమే మూడో నంబరు మీద కాటా వేశారు. గేట్లు మూసే వేళ కావడంతో పన్నెండు మిగిలిపోయాయి. వాటికి కాపలాగా రెండు రోజులు ఇక్కడే ఉండిపోయింది. హమాలీ సిలార్ కాటాలు దించి వరసగా పెట్టాడు. కొట్టు గుమాస్తా మూడో నంబరుకు పసుపు రాసి, కర్పూరం వెలిగించాడు.

కాటా తెచ్చినవాడు అది పనిచేస్తోందో లేదో ఎక్కి చూపడం యార్డులో మామూలే. బాషా చెప్పులు విడిచి ఒకటో నంబరు ఎక్కాడు. అరవై ఆరూ రెండు వందలు. దిగి మూడో నంబరు ఎక్కాడు. అరవై రెండూ రెండు వందలు.

సిలార్ పకపకా నవ్వాడు. “ఏంది బాషా భాయ్, నాలుగడుగులకు నాలుగు కిలోలు చిక్కావే! ఆ మందేదో మా ఇంటిదానికీ చెప్పు!”

“నువ్వే ఎక్కి చూడు.”

సిలార్ ఎక్కాడు. ఒకటో నంబరు మీద డెబ్బై ఒకటి. మూడో నంబరు మీద అరవై ఆరూ ముప్పావు. చుట్టూ చేరిన హమాలీలు మళ్లీ నవ్వారు, కానీ ఈసారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కోటిరత్నం కొంగు దోపుకొని లేచింది. ఎవరినీ అడగకుండా ముందు మూడో నంబరు ఎక్కి, తరువాత ఒకటో నంబరు ఎక్కింది. నలభై తొమ్మిదికి కొంచెం తక్కువ; యాభై రెండు. దిగి, పేర్చి ఉన్న తన టిక్కీల వైపు చూస్తూ నిలబడింది.

“ఏందా గుంపు?” యలమందయ్య లోపలినుంచి వచ్చాడు. ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది, అంకెలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఒక్క క్షణం ఆగి, నిదానంగా అన్నాడు. “రెండు రోజులు దాని మీద కారెక్కించాడు వీడు. టన్ను బరువు! పాడుచేసి తెచ్చి నా కొట్టు ముందు పంచాయితీ పెడతాడా?”

గుంపులో గుసగుసలు లేచాయి. ఆ మాటలో న్యాయం ఉన్నట్టే ఉంది. కొందరు బాషా వైపు తిరిగారు.

బాషా కూడా ఆ మాటను ఒక మాటగా తీసుకొని ఆలోచించాడు. “అయ్యుండచ్చండీ. కారు వల్లనే చెడిందేమో చూద్దాం. కారెక్కింది శనివారం. శుక్రవారం కాటా వేసిన టిక్కీలు ఇంకా ఇక్కడే ఉన్నయ్యా?”

సమాధానం కోసం సిలార్ ఎవరి ముఖమూ చూడలేదు. కొట్టులోకి వెళ్లి కోటిరత్నం ఎనిమిది టిక్కీల్లో ఒకదాన్ని వీపు మీద వేసుకొచ్చి ఒకటో నంబరు మీద దించాడు. గోనె మీద నీలిరంగుతో, గుమాస్తా చేతిరాతతో శుక్రవారం తూకం రాసి ఉంది: 39.6. కాటా మీద అంకెలు పరుగెత్తి నిలిచాయి: 42.1.

“ఎండకు మిరపకాయ తేమ పోతది గాని పెరగదు గదండీ,” అన్నాడు బాషా. గొంతు పెంచలేదు.

గుమాస్తా పసుపు అంటిన వేళ్లను చొక్కాకు తుడుచుకున్నాడు. కర్పూరం దానంతటదే ఆరిపోయింది.

యలమందయ్య బాషాకు దగ్గరగా వచ్చాడు. అతనికి మాత్రమే వినిపించేలా అన్నాడు. “షెడ్డు తాళంచెవి ఇచ్చేసి, సాయంత్రానికి నీ సామాను తీసుకుపో.”

బాషా జేబులోంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. “ఎక్కించుకొనే వచ్చానండీ,” అన్నాడు.

యలమందయ్య ట్రాలీ వైపు చూశాడు. కాటాలు దించినా అది ఖాళీ కాలేదు. స్పానర్ల పెట్టె, జాకీలు, వైసు, వెల్డింగ్ మిషను. వాటి మీద కాళ్లు వేలాడేసుకొని కూర్చున్న సుభానీ. ఆయన చేతిలోని తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు.

కోటిరత్నం ముందుకొచ్చింది. “సిలారూ, ఆ ఎనిమిదీ బయటికి తియ్యి. ఇరవైకి ఇరవై ఈ ఒకటో నంబరు మీదనే వెయ్యి. నాది అయ్యాక, ఊళ్లకు పోయినోళ్ళయ్యి ఎన్ని ఉన్నయ్యో అయ్యి కూడా తియ్యి.”

సిలార్ తలగుడ్డ చుట్టుకున్నాడు. గుమాస్తా కలం తీయలేదు. యజమాని ముఖం చూస్తూ నిలబడిపోయాడు. అంకెలు పైకి చదివేవాడు లేక తూకం ఆగింది.

బాషా ఒకటో నంబరు కాటా ముందు గొంతుక్కూర్చున్నాడు. వెలుతురు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, అంకెలు పూర్తిగా నిలిచేదాకా ఆగి, యార్డు ఆ చివరికి వినిపించేలా చదివాడు.

“నలభై రెండూ నూరు!”

సిలార్ రెండో టిక్కీ కోసం వెళ్లాడు.